బావమరిది తెచ్చిన చక్రాలు

కిందటి వారం చక్రాల మాస్టారిని షట్టరు సగం లేపిన భంగిమలోనే వదిలేసి మన దారిన మనం వచ్చేశాం. పాపం, అప్పట్నుంచీ ఆయన నడుం వంచి అలాగే ఉన్నారు. అసలే నడుం నొప్పి మనిషి. ముందు ఆ షట్టరు పూర్తిగా లేపనిచ్చి తర్వాత మాట్లాడుకుందాం.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. రైలు గేటు పక్కనున్న రేకుల షెడ్డు ఆయనది. కార్లకి చక్రాలు మార్చడం, టైర్లు ఎక్కించడం, బండి ఒక పక్కకి లాగకుండా సరిచెయ్యడం ఆయన పని. షెడ్డు వెనకే ఉన్న ఇంట్లో ఒక్కరే ఉంటారు. భార్య ఇల్లు వదిలి వెళ్ళి మూడేళ్ళు దాటింది. ఎందుకు వెళ్తోందో ఆవిడ చెప్పలేదు. ఎక్కడుందో ఆయన ఎవరినీ అడగలేదు. అడగాలని లేక కాదు. కంచం ముందు కూర్చున్న ప్రతిసారీ ఆ ప్రశ్న గొంతు దాకా వస్తుంది. అడిగితే తను ఓడిపోయినట్టని ఒక పంతం. ఆ పంతాన్ని పెంచి పోషించినంత శ్రద్ధగా ఆయన ఇంకేదీ పెంచలేదు, మీసంతో సహా.

ఇక షట్టరు సంగతి. దాని కింది సందులోంచి మాస్టారికి ఒక పసుపు రంగు స్పోర్ట్స్ కారు ముక్కూ, దాని పక్కన రెండు కాళ్ళూ కనిపించాయి. కుడి పాదం కాస్త లోపలికి తిప్పి నిలబడే అలవాటు ఆ ఇంట్లో ఇద్దరికే ఉంది. ఒకరు ఆయన భార్య. రెండోవాడు ఆవిడ తమ్ముడు. చూడగానే మాస్టారి గుండె ఒక్కసారి దడదడలాడి, అవి మగవాడి బూట్లని గమనించాక మళ్ళీ దారిలో పడింది.

షట్టరు పైకి పోయింది. బావమరిది కాస్త ఒళ్ళు చేశాడు. నుదురు వెడల్పయింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కారు తాళాలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటున్నాడు.

“బావా, దీనికి పెద్ద చక్రాలు వేయించుకుందామని వచ్చాను. మీకు తీరికుంటేనే,” అన్నాడు.

మీకు తీరికుంటేనే అట. అక్క పెళ్ళయిన ఏడాదికే నిక్కరు వేసుకుని ఆమె వెనకాల ఈ ఇంటికి వచ్చినవాడు. బావ భుజాల మీదెక్కి షెడ్డంతా తిరిగినవాడు. ‘నువ్వు’ అని తప్ప బావని ఇంకోలా పిలవడం ఎరగనివాడు. మాస్టారికి అది ఎక్కడో గుచ్చుకుంది. గుచ్చుకున్నట్టు కనపడితే పంతం చిన్నబోదూ! అందుకని ఆయన ఇంకో మెట్టు పైకెక్కి, “బండి లోపలికి తీసుకురండి,” అన్నారు. ఇద్దరూ ఒకరికొకరు మర్యాద చేసుకుంటూ, కొత్తగా పరిచయమైన వియ్యంకుల్లా షెడ్డులోకి నడిచారు.

అది అలాంటిలాంటి కారు కాదు. రెండే తలుపులు, రెండే సీట్లు, కూర్చుంటే రోడ్డు పిర్రలకి తగిలేంత ఎత్తు. ఎవరో గోడకి గుద్ది పారేసిన దాన్ని కొని, రెండేళ్ళు కష్టపడి బాగుచేసుకున్నానని బావమరిది చెప్పాడు. మాస్టారు విననట్టే దాని చుట్టూ తిరిగి, ఎడమ తలుపు అతుకు మీద చెయ్యి వేసి చూశారు. పనితనం బాగుంది. బాగుందని అనలేదు.

కొత్త చక్రాలు నాలుగూ ముందు రోజు ట్రాలీ బండిలో పంపాడట. ఎవరు పంపారో తెలియక మాస్టారే వాటిని దింపించి గోడకి ఆనించి ఉంచారు. తళతళలాడే అల్లాయ్ చక్రాలు, సన్నటి పది కమ్మీలు, మీద కొత్త టైర్లు. కారుకున్నవి పదిహేడు అంగుళాలవి, వచ్చినవి పందొమ్మిది. కుర్రకారుకి అవంటే మోజు. వేస్తే బండి నిలబడ్డ చోటే పరుగెత్తుతున్నట్టు కనపడుతుంది.

ఇలాంటి పనికి వచ్చేవాళ్ళకి మాస్టారు ముందుగా ఒక ప్రసంగం చేస్తారు. ఇప్పుడూ చేశారు. చక్రం పెరిగిందంటే టైరు పల్చబడాలి, లేకపోతే మొత్తం ఎత్తు మారి వేగం చూపించే ముల్లు అబద్ధం చెబుతుంది. టైరు పల్చబడితే రోడ్డు మీది ప్రతి గుంతా నేరుగా వెన్నుపూసకి చేరుతుంది. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టైరు అంచు మడ్‌గార్డుకి రాసుకోవచ్చు. అందానికి ఆశపడి తర్వాత నన్ననకండి. ఈ ప్రసంగాన్ని బావమరిది చిన్నప్పుడు వెనక నిలబడి పెదవులతో అనుకరించి అక్కని నవ్వించేవాడు. ఇవాళ మాత్రం చేతులు కట్టుకుని పూర్తిగా విన్నాడు.

తర్వాత ప్రశ్నలు. స్ప్రింగులు కంపెనీవేనా, మార్చారా? ఊళ్ళో తిరుగుతుందా, దూరాలు పోతుందా? అన్నిటికీ బావమరిది జవాబు చెప్పాడు. మాస్టారు మడ్‌గార్డు లోపల చెయ్యి పెట్టి ఖాళీ ఎంతుందో చూస్తూ, పనిలో పనిగా అడిగినట్టు, బండిలో ఒక్కరే తిరుగుతారా అన్నారు.

“లేదు. పక్క సీట్లో ఒకరుంటారు,” అన్నాడు బావమరిది. అని ఆగాడు. ఆగి, బావ మొహంలోకి చూశాడు.

ఒక్క మాట. ఎవరు అనే ఒక్క మాట. అది మాస్టారి నాలుక చివరి దాకా వచ్చింది. వంక పెట్టుకోవడానికి గేటు దగ్గర రైలు కూడా లేదు, అప్పుడే వెళ్ళిపోయింది.

“ఎంత బరువుంటారు?” అన్నారు మాస్టారు.

బావమరిది తల దించుకున్నాడు. “మునుపటికంటే తగ్గింది,” అన్నాడు.

మాస్టారు జాకీ పెట్టి కారు లేపారు. పాత చక్రం ఊడదీసి పక్కన పడుకోబెట్టారు. చక్రం కూర్చునే హబ్బు మీది తుప్పు తీగల బ్రష్షుతో గీరారు. అవసరమైన దానికంటే ఎక్కువసేపే గీరారు. తగ్గడం ఏమిటి? ఎందుకు తగ్గింది? వేళకి తినడం లేదా? జబ్బా? ఆవిడకి పొద్దున్నే ఖాళీ కడుపుతో టీ తాగే పాడలవాటు. వద్దని చెప్పేవాళ్ళు ఎవరున్నారు అక్కడ? ఎక్కడ? ఇన్ని ప్రశ్నలు లోపల తోసుకుంటున్నా మనిషి పైకి బండరాయిలాగే ఉన్నాడు. ఇలాంటి మొండితనాన్ని చూస్తే నాకైతే వెనక నుంచి ఒక్కటి తగిలించాలనిపిస్తుంది. కానీ రాసేవాళ్ళకి అంత స్వతంత్రం లేదు.

ఒంటరిగా ఉన్న మనిషికి కొన్ని చిన్న చిన్న అలవాట్లు పట్టుకుంటాయి. కొత్త అల్లాయ్ చక్రం వేయించుకున్నవాళ్ళు ఎవరైనా కాస్త దూరం తిరిగాక మళ్ళీ వచ్చి నట్లు బిగించుకుని వెళ్ళాలి. అది పని నియమం. కానీ మాస్టారు ఆ మాట చెప్పే తీరు చూస్తే చుట్టాలని పండక్కి పిలిచినట్టుంటుంది. రండి, తప్పకుండా రండి, ఊరికే చేస్తాను, టీ కూడా తాగి వెళ్దురుగాని. అందరూ సరేనంటారు. ఎవరో ఒకరు వస్తారు. మిగతావాళ్ళ కోసం ఆయన సాయంత్రాలు కుర్చీ బయట వేసుకుని రోడ్డు మీది చక్రాల వంక చూస్తూ కూర్చుంటారు.

ఇంకో అలవాటుంది. అది ఎవరి ముందూ చెయ్యరు. చక్రం వెనక సన్నటి అచ్చు అక్షరాల్లో కొలతలుంటాయి. నట్ల కోసం అయిదు బెజ్జాలుంటే, అవి ఎంత వెడల్పు వలయం మీద ఉన్నాయో మిల్లీమీటర్లలో రాసి ఉంటుంది. కారు హబ్బుకీ చక్రానికీ ఆ అంకె ఒకటే కావాలి. భార్య ఉన్నన్నాళ్ళూ ఆ అంకె చదవడం ఆవిడ పని. ఆవిడ “అయిదు బెజ్జాలు, నూట పద్నాలుగు,” అనేది. ఆయన “అయిదు బెజ్జాలు, నూట పద్నాలుగు,” అని తిరిగి చెప్పి చక్రం అందుకునేవారు. ఆవిడ చదివాక ఆయన తిప్పి చూసింది లేదు. ఇప్పుడు ఆయనే చదువుతారు, ఆయనే తిరిగి చెబుతారు. మొదటిసారి కాస్త గొంతు సన్నం చేసి.

ఇవాళ ఆ పని చెయ్యడానికి లేకపోయింది. ఆయన బ్రష్షు పక్కన పెట్టి లేచేసరికి బావమరిది గోడ దగ్గర మొదటి చక్రాన్ని వంచి పట్టుకుని, దాని వెనక వైపు చూస్తూ అన్నాడు. “అయిదు బెజ్జాలు, నూట పద్నాలుగు.”

అచ్చం అక్క పలికినట్టే. చివరి అక్షరం కాస్త సాగదీసి.

“అయిదు బెజ్జాలు, నూట పద్నాలుగు,” అన్నారు. చెయ్యి దానంతటదే ముందుకు సాగింది.

చక్రం ఎక్కించారు. బాగానే కూర్చుంది. మాస్టారి షెడ్డులో ఒక నియమముంది. నట్టుని చివరి దాకా వేళ్ళతోనే తిప్పాలి. అది పూర్తిగా లోపలికి పోయి కూర్చున్నాకే గాలి గన్ను ముట్టుకోవాలి. గన్నుకి బలం ఉంది గాని జ్ఞానం లేదు, తప్పు నట్టునయినా కుక్కి బిగించేస్తుంది అంటారు ఆయన. మొదటి నట్టు నాలుగు చుట్లు తిరిగింది. అయిదో చుట్టులో బిగుసుకుంది. రెండోది కూడా అంతే. మూడోది వంకరగా నిలబడింది.

మాస్టారు వేళ్ళు వెనక్కి తీసుకున్నారు. చక్రం ఊడదీశారు. దాన్ని వెలుగులోకి దొర్లించి, కళ్ళద్దాలు తుడుచుకుని, వెనక వైపు చూశారు. నూట పన్నెండు. పక్కపక్కన పెడితే తప్ప తేడా తెలియని రెండు మిల్లీమీటర్లు. ఆ రెండు మిల్లీమీటర్లే మూడేళ్ళ క్రితం ఆయన సంసారాన్ని రోడ్డున పడేశాయి.

అప్పుడూ ఇదే తప్పు. ఒక పళ్ళ డాక్టరు కారుకి ఇలాగే నూట పన్నెండు చక్రం వేసి గన్నుతో కుక్కి పంపాడు బావమరిది. వంతెన మలుపులో చక్రం ఊడి కారు గోడని గుద్దుకుంది. డాక్టరుగారి ప్రాణం దక్కింది కాని చెయ్యి విరిగింది. అదీ పళ్ళు పీకే కుడి చెయ్యి. నేనే వేశాను, నంబరు సరిగ్గా చూడలేదు అని బావమరిది తల వంచుకుని ఒప్పుకున్నాడు. మాస్టారు వచ్చిన జనం ముందే నోటికొచ్చినట్టు తిట్టి అతన్ని షెడ్డులోంచీ ఇంట్లోంచీ వెళ్ళగొట్టారు. తర్వాతి వారం భార్య కూడా ఒక పెట్టె సర్దుకుని వెళ్ళింది. తమ్ముడి మీద ప్రేమతో మొగుణ్ణి కాదనుకుందని మాస్టారు అప్పట్నుంచీ అనుకుంటున్నారు.

“మళ్ళీనా?” అన్నారు ఆయన. గొంతు పెద్దది చెయ్యలేదు. అదే ఎక్కువ భయం వేసేలా ఉంది. “ఇంకా బుద్ధి రాలేదా నీకు? మళ్ళీ నా చేత్తోనే చేయించాలని తెచ్చావా?”

“చేయించాలనే తెచ్చాను బావా,” అన్నాడు బావమరిది. “నంబరు నాకు తెలుసు. కావాలనే తప్పు చదివాను. నువ్వు తిప్పి చూస్తావేమో అనుకున్నాను. చూడలేదు.”

మీరు పోయి నువ్వు వచ్చింది. ఇద్దరిలో ఎవరూ దాన్ని గమనించలేదు.

మాస్టారు ఏదో అనబోయారు. నేను వేలితో కనిపెట్టాను కదా, గన్ను పట్టుకోలేదు కదా అని. ఆ మాటే బావమరిది ముందు అందుకున్నాడు. ఆ రోజు డాక్టరుగారి కారు దగ్గర తన వేలికీ నట్టు ఆగిందన్నాడు. ఆగిందని తెలిసింది. కాని చదివింది బయటివాళ్ళు కాదు. చదివినవాళ్ళు ఆ ఇంట్లో ఎన్నడూ తప్పు చదవలేదు. అందుకని నట్టు ఎక్కే స్టడ్డుకి తుప్పు పట్టి ఉంటుందనుకుని గన్ను అందుకున్నాడు.

“ఎవరు చదివారు?” అన్నారు మాస్టారు.

“అక్క.”

మాస్టారు పక్కనున్న టైరు మీద కూర్చుండిపోయారు. ఇన్నేళ్ళలో వేల చక్రాలకి నంబరు చదివిన మనిషి. ఆవగింజంత అక్షరాలని మూరెడు దూరం నుంచి చదివే మనిషి. తప్పు చదవడం ఏమిటి?

“చదవలేదు బావా. కనపడక, అలవాటు మీద చెప్పింది. అప్పటికే ఏడాదిగా అంతే. నీ దగ్గరా అంతే. నీ అదృష్టం బాగుండి అన్నీ నూట పద్నాలుగులే వచ్చాయి.”

తర్వాతదంతా బావమరిది ఆగి ఆగి చెప్పాడు. ఆవిడ కళ్ళు నడిమి నుంచి చెడిపోతూ వచ్చాయి. సూటిగా దేన్ని చూస్తే అది మసకబారి మాయమైపోతుంది. అంచుల్లో ఉన్నది మాత్రం మిగులుతుంది. గోడ కనపడుతుంది, గోడ మీది గడియారం కనపడదు. మనిషి కనపడతాడు, మొహం కనపడదు. మందు లేదని ఇద్దరు డాక్టర్లు చెప్పారు. ఇంట్లో తెలిస్తే చక్రాల దగ్గరికి రానివ్వరని, ఆ పని పోతే ఆయన పక్కన తనకి చోటెక్కడుంటుందని దాచింది. డాక్టరుగారి కారు గుద్దుకున్న రోజు సాయంత్రం తమ్ముడు ఊడిన చక్రం తిప్పి చూసి, అక్క దగ్గరికి వెళ్ళి అడిగాడు. అప్పుడు చెప్పింది. బావకి నేనే చెప్పుకుంటాను, రేపు చెబుతాను అంది. ఆ రేపు తెల్లారేసరికి మాస్టారు షెడ్డులో జనం మధ్య నిలబడి కేకలు వేస్తున్నారు. తమ్ముడు తప్పు తన మీద వేసుకున్నాడు.

“ఆ రోజు నువ్వేమన్నావో గుర్తుందా బావా?”

గుర్తుంది. మాస్టారికి తన మాటలెప్పుడూ గుర్తుంటాయి, అవి గొప్ప మాటలని ఆయన నమ్మకం. నంబరు కూడా కనపడని కళ్ళు ఉంటే ఎంత, పోతే ఎంత? అలాంటివాళ్ళకి నా షెడ్డులో పని లేదు, నా ఇంట్లో చోటు లేదు. అదీ ఆయనన్నది. బావమరిది వైపు వేలు చూపించి అన్నారు. బ్యాలెన్సింగ్ మిషను వెనకాల నిలబడి ఆవిడ విన్నది.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది, అడక్కుండానే. ఆ ఆఖరి ఏడాదంతా ఆవిడ ఆయన మొహం చూసి మాట్లాడటం మానేసింది. ఆయన ఎదురుగా కూర్చుని ఏదైనా చెబుతుంటే తల కిటికీ వైపో తలుపు వైపో తిప్పుకునేది. మొగుడంటే ఇంత ఏవగింపా అని ఆయన లోలోపల ఉడికిపోయేవారు. ఒకసారి పట్టలేక, నా మొహం చూసి మాట్లాడలేవా అని గద్దించారు. ఆవిడ తిరిగి సూటిగా చూసింది. ఆ చూపులో ఏమీ లేదు. ఆ రాత్రి నుంచి ఆయన పక్క గదిలో పడుకున్నారు.

ఇప్పుడు అర్థమైంది. తల తిప్పుకున్నప్పుడల్లా ఆవిడ ఆయన్ని చూస్తూ ఉంది. చూడగలిగిన తీరు అదొక్కటే. ఆయన గద్దించి దాన్ని కూడా మాన్పించారు.

మాస్టారు ఏడవలేదు. ఏడుపు వస్తే బాగుండేదేమో. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, నేల మీద పడి ఉన్న నట్లని చూస్తూ కూర్చున్నారు. తనంత ఒంటరివాడు లేడని మూడేళ్ళుగా తన మీద తనే జాలి పడుతూ వచ్చారు. చీకటి పడుతున్న కళ్ళతో, చెప్పుకునే దిక్కులేక, ఆయన పక్కనే ఒక ఏడాది పాటు ఆవిడ ఎంత ఒంటరిగా ఉండి ఉంటుందో ఆయనకి ఇప్పుడు తెలిసింది.

బావమరిది వచ్చి పక్కన నేల మీద కూర్చున్నాడు. చూపు పోయినవాళ్ళకి బతకడం నేర్పే బడి ఒకటి దూరపు ఊళ్ళో ఉందట. చేరితే అక్కడే ఉండిపోవాలి, పిల్లలకి నేర్పే పని కూడా ఇస్తారు. రేపు అందులో చేర్చడానికే బయల్దేరామని చెప్పాడు. దారిలో ఈ ఊరు వచ్చింది. వచ్చింది అంటే, అక్క చుట్టు దారి పట్టించింది.

“మలుపు తిరిగితే నీళ్ళ ట్యాంకు కింద పార్కు ఉంది కదా. అక్కడ కూర్చోబెట్టి వచ్చాను. నువ్వు వెళ్ళు బావా. కారుకి పాత చక్రం నేను బిగిస్తాను. వేళ్ళతోనే.”

మాస్టారు లేచారు. చేతులు కూడా కడుక్కోలేదు. రోడ్డు దాటుతుంటే ఒక వ్యాను డ్రైవరు తల బయటపెట్టి చూసుకుని నడవమని అరిచాడు.

మధ్యాహ్నం కావడంతో పార్కు ఖాళీగా ఉంది. ట్యాంకు నీడలో ఒకే ఒక్క బెంచీ మీద ఆవిడ కూర్చుని ఉంది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, సగానికి సగం తెల్లబడింది. నిజంగానే చిక్కిపోయింది. మడతపెట్టిన తెల్ల కర్ర ఒళ్ళో ఉంది. దాన్ని రెండు చేతులతో, పరాయివాళ్ళ పసిపిల్లని ఎత్తుకున్నట్టు, జాగ్రత్తగానూ అలవాటు లేకుండానూ పట్టుకుంది. మాస్టారు బాట వదిలేసి గడ్డి మీంచి అడ్డంగా నడిచారు. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. పేరు పెట్టి పిలవాలా? దగ్గాలా? ఎదురుగా వెళ్ళి నిలబడ్డారు.

ఆవిడ మొహం ఎత్తి ఆయన వంక చూసింది. చూసి నవ్వింది.

“వచ్చావా తమ్ముడూ?” అంది.

ఎదురుచూస్తున్న మనిషే వచ్చాడనుకోవడం ఎవరికైనా సహజం. వాసన కూడా రబ్బరూ గ్రీజూ కలిసిన షెడ్డు వాసనే. మొగుడు వస్తాడన్న ఆశ ఆవిడ పెట్టుకోలేదు, కనుక ఆ ఆలోచనే రాలేదు.

“ఇంతసేపయిందేం? పెద్ద ప్రసంగం చేసి ఉంటాడు. టైరు పల్చబడితే వెన్నుపూస అని,” అంది. “కోప్పడ్డాడా? కోప్పడితే మంచిదే. ఒంట్లో ఓపిక ఉన్నట్టు.” కర్రని ఒళ్ళో అటూ ఇటూ దొర్లించింది. “సరే, అవన్నీ కారులో చెబుదువుగాని. అసలు సంగతి చెప్పు. నా గురించి అడిగాడా?”

మాస్టారి పెదవులు కదిలాయి. నోరు విప్పితే ఆ గొంతు ఎవరిదో ఆవిడ గుర్తుపట్టేస్తుంది.

“నువ్వు ఎత్తకూడదని ఒట్టు వేయించుకున్నాను, గుర్తుంది కదా. తనంతట తను అడగాలి. బతికుందా, తింటోందా, ఎక్కడ చచ్చింది, ఏదో ఒకటి. తిడుతూ అడిగినా సరే. ఒక్క మాట అడిగి ఉంటే నేనే లేచి ఆ షెడ్డు దాకా నడిచి వెళ్తాను. అడక్కపోతే మాత్రం నాకేమీ అబద్ధాలు చెప్పకు. బండెక్కి వెళ్ళిపోదాం. ఇంక ఈ జన్మకి ఈ ఊరి పేరు ఎత్తను.”

పొద్దున్నుంచీ ఆయన స్ప్రింగుల గురించి అడిగారు. టైర్ల గురించి అడిగారు. పక్క సీట్లో కూర్చునే మనిషి బరువెంతో అడిగారు.

ఆవిడ చెయ్యి చాపి గాలిలో తడిమింది. నూనె మరకల చొక్కా అంచు దొరికింది. దాన్ని పట్టుకుని మెల్లగా లాగింది.

“మాట్లాడవేం తమ్ముడూ? అడగలేదా?”